అప్‌డేట్: అకారా ఎట్టకేలకు పొంగింది

నైజీరియాలోని లాగోస్‌లో ఉంటున్నాం, అకారా (అలసంద పప్పుతో చేసే ఇక్కడి వడ) నూనెలో వేయగానే అట్టులా పరుచుకుని నూనె పీల్చేస్తోంది, ఎందుకని పోయిన వారం అడిగాను కదా. చాలామంది శనగపిండి కలపమన్నారు. కలిపాను. బజ్జీ అయింది, అకారా కాలేదు.

చివరికి ఎదురింట్లో ఉండే, ఇక్కడి యోరుబా జాతి ఆవిడనే అడిగాను. గిన్నెలోకి చూసి నవ్వేశారు. మిక్సీ తిరగడం లేదని నేను పోసిన నీళ్లే కొంప ముంచాయట. మన అలసంద వడలకి పప్పు బరకగా రుబ్బుతాం. ఇక్కడ పొట్టు మొత్తం తీసేసి, వీలైనంత తక్కువ నీళ్లతో మెత్తగా రుబ్బాలి. అసలు పని ఆ తర్వాతే. పిండిని చెక్క గరిటెతో ఒకే వైపు గిలక్కొట్టాలి. పది నిమిషాలకి నా చెయ్యి లాగేసింది, కానీ పిండి తెల్లబడి నురగలా తేలికైంది. చుక్క తీసి నీళ్లలో వేస్తే తేలింది, గారెల పిండికి అమ్మ చూసినట్టే! ఉల్లి ముక్కలు, సన్నగా తరిగిన అటా రోడో మిరపకాయ, ఉప్పు వేయించే ముందే కలిపాను. ముందే ఉప్పేస్తే పిండి జారుతుందని ఆవిడ మాట.

గరిటెతో పిండి జార్చగానే గుండ్రంగా పైకి తేలాయి. లోపల దూదిలా ఉన్నాయి. వేడి ఓగితో (పులియబెట్టిన మొక్కజొన్న జావ), మిగిలినవి బ్రెడ్ మధ్య పెట్టుకుని తిన్నాం. పిల్లలకి మాత్రం అటా రోడో మంట తగ్గించాలి, ఒక్క కాయే ఎక్కువైంది. ఈసారి మొయిమొయి, అంటే ఇదే పప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించేది. దానికి పిండి జారుగానే ఉండాలట.