హెక్టారు డోసు ఎకరాల చెరువుకి ఎలా లెక్కేయాలి? మూడంగుళాల పైపంటే ఎన్ని ఎంఎం?

ప్రశ్న: రైతు, ఉండి

దస్తావేజు ప్రకారం రొయ్యల చెరువు 1 ఎకరం 60 సెంట్లు. నీళ్లు నాలుగున్నర అడుగులున్నాయి. మందు బస్తా మీద "మీటరు లోతు నీటికి హెక్టారుకు 25 కిలోలు" అని రాశారు. 25ని 1.6తో గుణిస్తే 40 కిలోలు వస్తోంది. అంతా వేసేయొచ్చా? ఇంకోటండి, మోటారుకున్న మూడంగుళాల డెలివరీ లైను పొడిగించాలి. కొట్లో పీవీసీ పైపులన్నీ ఎంఎంలోనే ఉన్నాయి. మూడంగుళాలంటే 76 ఎంఎం కాబట్టి 75 తెచ్చుకుంటే సరిపోతుందా?

జవాబు: ఆక్వా టెక్నీషియన్, భీమవరం

40 కిలోలు వేయకండి, చాలా ఎక్కువ. హెక్టారంటే 2.47 ఎకరాలు. మీ 1.60 ఎకరాలు 0.647 హెక్టారే అవుతుంది. నాలుగున్నర అడుగులు 1.37 మీటర్లు. రెండూ గుణిస్తే 0.888, దాన్ని 25తో గుణిస్తే 22 కిలోల చిల్లర. అంతే మీ డోసు.

పీపీఎంలో చెప్పే మందులకు ఒక్క అంకె గుర్తుంచుకోండి: 1.233. ఎకరాలు × అడుగులు × 1.233 వేస్తే ఒక పీపీఎంకి ఎన్ని కిలోలో వచ్చేస్తుంది. ఎకరం మేర అడుగు లోతు నిలిచిన నీళ్లు 1,233 ఘనమీటర్లు, ఒక ఘనమీటరుకు ఒక గ్రాము వేస్తే ఒక పీపీఎం. మీ చెరువుకి ఒక్కో పీపీఎంకి 1.6 × 4.5 × 1.233 = 8.88 కిలోలు.

అసలు తేడా అంతా దస్తావేజు దగ్గరే వస్తుంది. అందులో గట్లు కూడా కలిసి ఉంటాయి, మందు పనిచేసేది నీళ్లలో. నీటి అంచు వెంట టేపు పట్టి కొలవండి. లోతు కూడా తూము దగ్గర ఒక్కచోట చూసి వదిలేయకుండా, వాలుతో సహా ఎనిమిది పది చోట్ల కర్ర దింపి సగటు తీయండి. నీటి విస్తీర్ణం 1.40 ఎకరాలు, సగటు లోతు 4 అడుగులు తేలిందనుకోండి, ఆ 22 కిలోలు కాస్తా 17కి దిగిపోతుంది.

టేపు మీద 4 అడుగుల 5 అంగుళాలు కనిపిస్తే 4.5 అని రాయకండి. 4.5 అంటే 4 అడుగుల 6 అంగుళాలు. మీటర్ల వైపు చదివితే ఈ తికమకే ఉండదు.

మినరల్స్ కాస్త ఎక్కువైతే డబ్బు దండగ, అంతవరకే. పర్మాంగనేటు లాంటివి ఎక్కువైతే మాత్రం ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) చచ్చి డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతుంది. తక్కువైతే రోగకారకాలు చావవు. వాటికి కొలవకుండా డోసు వేయొద్దు.

జవాబు: పైపుల కొట్టు, పాలకొల్లు

75 తీసుకోకండి, అది రెండున్నర అంగుళాల పైపు. పీవీసీ మీద వేసే ఎంఎం బయటి వ్యాసం. బజార్లో 63ని రెండంగుళాలు, 75ని రెండున్నర, 90ని మూడు, 110ని నాలుగు అంటారు. అంగుళాన్ని 25.4తో గుణించి పైపు కొంటే చాలాసార్లు ఒక సైజు తక్కువే చేతికొస్తుంది. 90 లైనుకి రెడ్యూసర్ (సైజు తగ్గించే జాయింటు) పెట్టి 75 కలిపితే నీళ్లు పోయే దారి దాదాపు 30 శాతం తగ్గుతుంది, లైను పొడవైతే వచ్చే నీళ్లు బాగా తగ్గిపోతాయి.

పాత పైపు మీద అచ్చు చెరిగిపోయుంటే చుట్టూ దారం చుట్టి కొలవండి. 28.3 సెంటీమీటర్లు వస్తే 90, 23.6 వస్తే 75.

మోటారు దగ్గర ఉన్నది జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపైతే ఇంకో జాగ్రత్త. మూడంగుళాల జీఐ బయటి వ్యాసం 88.9 ఎంఎం. 90 పీవీసీ కప్లింగు దాని మీదికి ఎక్కేస్తుంది, సొల్యూషన్ (పీవీసీ అతికించే జిగురు) మాత్రం ఇనుముకి పట్టదు, ప్రెషర్ రాగానే ఊడొస్తుంది. 90కి మూడంగుళాల మరలున్న అడాప్టర్ అడగండి, మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించండి. మరల సైజు మాత్రం ఇప్పటికీ అంగుళాల్లోనే చెప్పాలి.

ఉండి రైతు

ఇద్దరికీ ధన్యవాదాలండి. సీడు (రొయ్య పిల్లలు) చదరపు మీటరుకు 30 చొప్పున వదలమన్నారు. సెంటుకి ఎంత పడుతుంది?

ఆక్వా టెక్నీషియన్, భీమవరం

సెంటు 40.47 చదరపు మీటర్లు, కాబట్టి సెంటుకి 1,214 పిల్లలు. దస్తావేజు లెక్కన అయితే 1.94 లక్షలు, నీటి విస్తీర్ణం 1.40 ఎకరాలే అయితే 1.70 లక్షలు. ఆ తేడా 24 వేల పిల్లలకు మేతా ఆక్సిజనూ మీ నీళ్లే ఇవ్వాలి కాబట్టి, సీడు ఆర్డరు పెట్టకముందే టేపు పట్టండి.