విద్యుదావేశం: దువ్వెనకు ఆవేశం ఏమిటి?

ప్రశ్న: సైన్సు ఉపాధ్యాయిని, చంద్రగిరి

హైస్కూలు సైన్సులో ‘విద్యుదావేశం’ దగ్గరకు రాగానే పిల్లకాయలు ఆగిపోతున్నారు. ఆవేశం అంటే వాళ్ళకు తెలిసింది కోపం, ఆవేశపడి మాట్లాడటం. దువ్వెనకు ఆవేశం ఏమిటి మేడం అని అడుగుతున్నారు. ‘ఛార్జి’ అని చెప్పేస్తే పోదా? ఇంకొకటి. ‘స్థిర విద్యుత్తు’ అని చెప్పి, స్వెటర్ విప్పేటప్పుడు చిటపటమని మిణుగులు ఎగురుతాయంటే, మరి స్థిరంగా ఎక్కడుంది అంటున్నారు. ఈ రెండు మాటలూ సరైనవేనా? పెద్దలు వివరంగా చెప్పగలరు.

తెలుగు పండితులు, తిరుపతి

మాట సరైనదేనమ్మా. మనం వాడే అర్థం ఒక్కటే గుర్తుండిపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ‘విశ్’ ధాతువుకు చొచ్చుకుపోవడం, లోపలికి వెళ్ళడం అని అర్థం. ప్రవేశం, నివేశం, సమావేశం, అభినివేశం అన్నీ ఆ ఇంటి పిల్లలే. ఆవేశం అంటే ఒకటి మరొకదానిలో చొరబడి ఉండటం. గంగమ్మ జాతరలో పూనకం వచ్చిన మనిషిని చూసి ‘అమ్మవారు ఆవేశించింది’ అంటాం కదా. మనిషి అదే మనిషి, పైకి మార్పేమీ ఉండదు, నడవడి మాత్రం మారిపోతుంది. రుద్దిన దువ్వెనా అంతే. రంగు మారదు, బరువులో తేడా తెలియదు, కానీ కాగితం తునకల్ని లాగుతుంది.

జాతర అన్నాం కాబట్టి ఒక జాగ్రత్త. జాతరలో కట్టే ‘వేషం’ వేరు, దాని ధాతువు వేరు. పిల్లలు జవాబు పత్రాల్లో ‘విద్యుదావేషం’ అని రాస్తుంటారు, దిద్దండి. విద్యుత్ + ఆవేశం, తకారం దకారమై విద్యుదావేశం. అదే విద్యుత్ పక్కన శక్తి చేరితే విద్యుచ్ఛక్తి, లత చేరితే విద్యుల్లత. విద్యుత్ అంటే అసలు మెరుపే.

భౌతికశాస్త్ర అధ్యాపకుడు, చిత్తూరు

పండితుల వారి మాటకు ఒక చేర్పు. ‘చొరబడటం’ అనే అర్థం సగానికే సరిపోతుంది. రుద్దినప్పుడు కొత్తగా ఏదీ పుట్టదు. ఒక వస్తువు పైపొరలోని ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదానికి చేరతాయి. పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వితే ఎలక్ట్రాన్లు సాధారణంగా జుట్టు నుంచి దువ్వెనకు పోతాయి. దువ్వెనలోకి వచ్చాయి, నిజమే. జుట్టులోంచి పోయాయి కదా, అయినా జుట్టు కూడా ఆవేశితమే. వచ్చినా ఆవేశమే, పోయినా ఆవేశమే. ఇది చెప్పకపోతే పిల్లలు ధనావేశం అంటే ప్రోటాన్లు ఎక్కడం అనుకుంటారు. ప్రోటాన్లు కేంద్రకంలోనే ఉంటాయి, రుద్దితే కదలవు.

ఇక్కడ తెలుగు మనకు గొప్ప సాయం చేస్తుంది. ఎలక్ట్రాన్లు తీసుకున్నది ఋణావేశం, ఇచ్చింది ధనావేశం. ఎక్కువైతే ఋణం ఎలా అవుతుంది అని పిల్లలు తికమకపడతారు. అప్పు తీసుకున్నవాడే కదా ఋణస్థుడు! ఎలక్ట్రాన్లు తీసుకున్నవాడు ఋణి అని ఒక్కసారి చెప్పండి, మళ్ళీ మరిచిపోరు. ధనం, ఋణం అనే జంటను సంఖ్యలకు 628లోనే బ్రహ్మగుప్తుడు వాడాడు. విద్యుత్తుకు ధన, ఋణ భేదం పెట్టింది 1747 ప్రాంతంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఎలక్ట్రాన్ బయటపడింది 1897లో, జె.జె. థామ్సన్ ప్రయోగాలతో. అప్పటికే గుర్తులు స్థిరపడిపోయాయి కాబట్టి ఎలక్ట్రాన్‌కు ఋణ గుర్తే వచ్చింది.

ఆవేశాన్ని కొలిచే ప్రమాణం కులూంబ్. ఒక ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కులూంబ్. ఒక కులూంబ్ కావాలంటే సుమారు 6.24 × 10¹⁸ ఎలక్ట్రాన్లు చేరాలి. దువ్వెన మీద చేరేది మైక్రోకులూంబ్‌లో చిన్న భాగం మాత్రమే.

ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్, రేణిగుంట

‘ఛార్జి’ అంటే సులువని అనుకోవద్దు మేడం. మనకు బస్సు ఛార్జీ ఉంది, లాఠీ ఛార్జి ఉంది, ఇన్‌ఛార్జి ఉన్నాడు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఫోను. ‘ఫోన్‌కు ఛార్జి ఎక్కింది’ అంటే బ్యాటరీలో ఆవేశం నిండిందని పిల్లలు అనుకుంటారు. నిండదు. ఒక కొనలోకి ఎంత పోతుందో రెండో కొన నుంచి అంతే వస్తుంది, మొత్తం మీద బ్యాటరీ తటస్థమే. దాచుకున్నది రసాయన శక్తి. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ గుండా పూర్తిగా 18,000 కులూంబ్‌లు సాగిపోతాయి, నిలవ ఉండవు. అందుకే ఈ పాఠానికి ఆవేశం అనే మాటే మేలని నా అభిప్రాయం.

సర్క్యూట్ బోర్డుల పనిలో ఇది మాటల సంగతి మాత్రమే కాదు. ఒంటి మీద 3,000 వోల్టులు దాకా చేరితే గానీ మనకు చురుక్కుమనదు. కొన్ని చిప్‌లు 100 వోల్టులకే పాడైపోతాయి. అందుకే చేతికి పట్టీ కట్టి ఎర్త్‌కు కలుపుతారు, మధ్యలో 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. అది లేకుండా నేరుగా ఎర్త్ కలిపితే, పొరపాటున 230 వోల్టుల తీగ తగిలినప్పుడు మనిషి గుండా కరెంటు బలంగా పోతుంది. రెసిస్టర్ ఉంటే అది 0.23 మిల్లీ ఆంపియర్ దాటదు.

భౌతికశాస్త్ర అధ్యాపకుడు, చిత్తూరు

‘స్థిర’ సంగతి. చెరువులో ఉన్నవి నిలవ నీళ్ళు. తూము ఎత్తితే పారవా? ప్లాస్టిక్ మీద చేరిన ఎలక్ట్రాన్లకు దారి లేక పెట్టినచోటే నిలుస్తాయి, స్థిరం అంటే అంతే. దారి దొరికితే దూకుతాయి. దానికి మన పుస్తకాల్లో మాట ‘ఉత్సర్గం’, వదిలిపెట్టడం అని. పొడి గాలి సెంటీమీటరుకు దాదాపు 30,000 వోల్టులు దాటితే దారి ఇచ్చేస్తుంది. 3 మిల్లీమీటర్ల మిణుగు కనబడిందంటే అక్కడ 9,000 వోల్టులు ఉన్నట్టు లెక్క. అంత వోల్టేజీ ఉన్నా ఆవేశం అతి తక్కువ, క్షణంలో అయిపోతుంది, అందుకే ప్రాణం తీయదు. పిడుగులో ఆ రెండూ ఎక్కువే.

తరగతిలో చూపించడానికి విద్యుద్దర్శిని, అంటే ఆవేశం ఉందో లేదో చూపే పరికరం, చేసుకోండి. జామ్ సీసా, దాని మూతకు బదులు థర్మోకోల్ బిళ్ళ, ఇంటి వైరింగ్‌లోని రాగి తీగ ఒక జానెడు, తొడుగు తీసేసి. తీగను బిళ్ళలోంచి దించి కింది కొనను కొక్కెంలా వంచాలి. వంటింటి అల్యూమినియం రేకును 4 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పుతో రెండు ముక్కలు కత్తిరించి కొక్కేనికి పక్కపక్కనే వేలాడదీయాలి. రేకు మడతపడితే విచ్చుకోదు, గోటితో సాపు చేసుకోండి.

అరంగుళం పీవీసీ పైపు ముక్కను ఊలు గుడ్డతో గట్టిగా రుద్ది తీగ దగ్గరకు తెస్తే రేకులు విచ్చుకుంటాయి. పైపు అక్కడే ఉంచి తీగను వేలితో తాకితే మూసుకుంటాయి. ముందు వేలు తీయాలి, తర్వాతే పైపు. రేకులు మళ్ళీ విచ్చుకుంటాయి, ఈసారి ధనావేశంతో. పైపు ముందు తీసేస్తే ఎలక్ట్రాన్లు వేలి గుండా తిరిగొచ్చేస్తాయి, రేకులు కదలవు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానల్లో ఈ పాఠం పెట్టుకోవద్దు. పైపు మీద కంటికి కనబడని తేమ పొర పడి ఆవేశం జారిపోతుంది. తప్పకపోతే పైపునూ గుడ్డనూ ముందు ఎండలో పెట్టండి. కొబ్బరినూనె రాసిన తలతో దువ్వెన ప్రయోగమూ పనిచేయదు.

ఆకర్షిస్తే ఆవేశం ఉన్నట్టే అని రాయించకండి. ఆవేశం లేని కాగితం కూడా లాగబడుతుంది. రెండింటిలోనూ ఆవేశం ఉందని తేల్చేది వికర్షణ, అంటే ఒకదాన్నొకటి నెట్టుకోవడం, మాత్రమే.

తెలుగు పండితులు, తిరుపతి

‘ఎలక్ట్రాన్’ మాటకు మూలం గ్రీకులో ఒక రకం చెట్టు బంక గట్టిపడిన మణి, అంబర్. రుద్దితే అది తేలిక వస్తువుల్ని లాగుతుంది. 1600లో విలియం గిల్బర్ట్ ఆ పేరు నుంచే లాటిన్‌లో ‘ఎలెక్ట్రికుస్’ అనే మాట తీశాడు. సంస్కృత కోశాల్లో రుద్దితే గడ్డిని లాగే మణికి ‘తృణమణి’ అనే పేరుంది. పారసీలో ‘కాహ్‌రుబా’, గడ్డిని దోచేది. సంస్కృతం, పారసీ రెండూ ఒకే పని చూసి పేరు పెట్టుకున్నాయి. మేడం, కాగితం తునకలతో పాటు నూలు దారానికి ఒక వరిగడ్డి పరక కట్టి వేలాడదీసి, రుద్దిన పైపు దగ్గరకు తెచ్చి చూపించండి. పరక తిరిగి పైపు వైపు వస్తుంది, తృణమణి అనే మాట అప్పుడు పలికించండి.