సీ భాషలో టెక్స్ట్ ఫైలును ఉన్నచోటే దిద్దాలా, కొత్త ఫైలు రాసి పేరు మార్చాలా?

పటమట:
గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయికి కమిషన్ కొట్టు ఉంది. దానికి సీలో చిన్న ప్రోగ్రాం రాస్తున్నానండి. లైనుకో లాటు: నంబరు, రకం, చివర క్వింటాలు రేటు. ఫైలును ‘ఆర్ ప్లస్’ మోడ్‌లో (చదవడానికీ రాయడానికీ) తెరిచి రేటును ఉన్నచోటే మారుస్తున్నాను. మా ఫ్రెండేమో కొత్త ఫైలు రాసి, దానికి పాత పేరు పెట్టమంటున్నాడు. ఒక్క అంకె కోసం ఫైలంతా మళ్లీ రాయడం దండగ కదా?

అరండల్‌పేట:
దండగ కాదండి. తేజ రకం రేటు 9800 నుంచి 10200 అయిందనుకోండి. నాలుగు బైట్ల చోట ఐదు రాస్తే, ఐదోది న్యూలైన్‌ని మింగేసి రెండు లాట్లు ఒకే లైనైపోతాయి. రేటు తగ్గితే ఇంకా ఘోరం. 10200 మీద 9800 రాస్తే చివరి సున్నా అలాగే మిగిలి 98000 అవుతుంది. రైతుకి పట్టీ రాసే చోట ఇది చిన్న తప్పా? మధ్యలో బైట్లను జరిపి చోటు చేసే ఫంక్షన్ సీలో లేదు.

బెంజ్ సర్కిల్:
దానికి ఫైలంతా రాయక్కర్లేదు. రేటుకి ఎప్పుడూ ఆరు గళ్లు కేటాయించండి, ఖాళీ గళ్లలో స్పేస్‌లు. లైన్లన్నీ ఒకే పొడవుంటే ఫైల్లో కోరిన చోటికి తీసుకెళ్లే ఎఫ్‌సీక్ ఫంక్షన్‌తో నేరుగా ఆ లాటు దగ్గరికి వెళ్లొచ్చు. లెక్క మాత్రం బైట్లలో వేయండి: తెలుగు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘తేజ’ తొమ్మిది బైట్లు. చదివాక రాసేముందు మళ్లీ ఎఫ్‌సీక్ పిలవాలి, అది సీ భాష స్టాండర్డ్‌లోని నియమం. పెద్ద ఫైళ్లకి నేనిదే వాడతాను.

అరండల్‌పేట:
పొడవు సంగతి ఒప్పుకుంటాను. రాస్తుండగా కరెంటు పోతే? పాత రేటు చెరిగిపోయి, కొత్తది సగంలో ఆగొచ్చు. అదే ఫోల్డర్‌లో కొత్త ఫైలు రాసి, ఎఫ్‌ఫ్లష్, ఎఫ్‌సింక్ చేసి (రాసిందంతా డిస్క్ దాకా చేర్చి), ఆపైన దానికి పాత పేరు వచ్చేలా రీనేమ్ చేస్తే లినక్స్‌లో పాతదో కొత్తదో ఒకటి పూర్తిగా ఉంటుంది. లినక్స్‌లో టెక్స్ట్ దిద్దే ‘సెడ్’ కమాండ్‌లో, ఉన్నచోటే దిద్దినట్టు కనిపించే ‘ఐ’ ఆప్షన్ కూడా లోపల కొత్త ఫైలే రాస్తుంది.

పటమట:
బాబాయి కొట్టులో విండోస్ అండి. ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే రీనేమ్ ఫెయిలవుతోంది. పాతది రిమూవ్ చేసేయనా?

అరండల్‌పేట:
వద్దు, ఆ రెండింటి మధ్య ఆగిపోతే ఆ పేరుతో అసలు ఫైలే ఉండదు. విండోస్‌లో పేరు మార్చే మూవ్‌ఫైల్‌ఎక్స్ ఫంక్షన్‌కి రీప్లేస్ ఫ్లాగ్ (పాతదాని స్థానంలో పెట్టమనే సూచన) ఇవ్వండి.

బెంజ్ సర్కిల్:
యార్డు ఫైలు చిన్నదే కాబట్టి మీరు అలాగే చేయండి, లక్షల లైన్లుంటే నా మాటే నాది. ఒకటి మరవద్దు, పేరు మార్చేముందు, ఫైలు మూసే ఎఫ్‌క్లోజ్ సున్నా (అంటే అంతా సరే అని) ఇచ్చిందో లేదో చూడండి. డిస్క్ నిండిన సంగతి ఒక్కోసారి అక్కడే బయటపడుతుంది.