ఇద్దరి సంతకం ఉండాల్సిన కంపెనీ ఖాతా, ఒక్క సంతకంతో డబ్బు వెళ్లిపోయింది

రమణ, విజయవాడ ఆటోనగర్:
మాది ఇద్దరు డైరెక్టర్ల ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, లారీ బాడీలు కడతాం. ఇద్దరం సంతకం పెడితేనే డబ్బు కదలాలని ఖాతా తెరిచిన రోజే బోర్డు తీర్మానం ఇచ్చాం. ఇప్పుడు ఆడిట్‌కి స్టేట్‌మెంట్ తీస్తే, నాలుగు నెలల కింద రెండో డైరెక్టర్ ఒక్కడే ఆర్‌టీజీఎస్‌లో (పెద్ద మొత్తాలు వేరే బ్యాంకు ఖాతాకి పంపే పద్ధతి) 6 లక్షల 40 వేలు పంపినట్టు తేలింది. ఫారం జిరాక్స్ తీసుకున్నాను. రెండో సంతకం గడి ఖాళీ, దాని పక్కనే బ్యాంకు ముద్ర నిండుగా పడి ఉంది. మేనేజర్ని అడిగితే "ఆయనా డైరెక్టరే కదండీ, మీలో మీరు తేల్చుకోండి. ఇన్నాళ్లూ ఎందుకు చూసుకోలేదు?" అన్నారు. రేకుల షాపుకి కట్టాల్సిన డబ్బది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
రమణ గారూ, ఖాతా డైరెక్టర్‌ది కాదు, కంపెనీది. దాన్ని కదపడానికి బ్యాంకుకున్న అధికారమంతా మీరిచ్చిన మాండేట్‌లోనే, అంటే ఎవరి సంతకంతో డబ్బు ఇవ్వాలో చెప్పే రాతలోనే ఉంటుంది. అందులో ‘జాయింట్లీ’ (ఇద్దరూ కలిసి) అని ఉంటే ఆ ఫారం కౌంటర్ దగ్గరే ఆగిపోవాలి. అచ్చం మీలాంటి కేసు ఇంగ్లండ్‌లో లిగెట్ కంపెనీకీ బార్‌క్లేస్ బ్యాంకుకీ మధ్య నడిచింది, 1928 నాటి లా రిపోర్టుల్లో ఉంది. ఇద్దరు పెట్టాల్సిన చెక్కుల్ని ఒక్కరి సంతకంతో చెల్లించారు. తప్పు బ్యాంకుదేనని కోర్టు తేల్చింది. కానీ డబ్బు సరుకు బాకీలకే వెళ్లడంతో, బాకీ తీరిన మేరకు బ్యాంకు బయటపడింది. కాబట్టి మీ డబ్బు ఎవరికి చేరిందో ముందు చూడండి.

లక్ష్మి, గుంటూరు:
‘ఎందుకు చూసుకోలేదు’ అన్నదానికి మన సుప్రీంకోర్టే జవాబిచ్చింది అన్నా. 1987, కెనరా బ్యాంక్, కెనరా సేల్స్ కార్పొరేషన్ కేసు. కంపెనీ అకౌంటెంట్ 42 చెక్కుల మీద ఎండీ సంతకం ఫోర్జరీ చేసి మూడు లక్షల పైచిలుకు లాగేశాడు. పాస్‌బుక్ చూసుకోలేదన్న ఒక్క కారణంతో బ్యాంకు తప్పించుకోలేదని తీర్పు.

శ్రీను, బాలానగర్:
నా కథ వేరు. నెట్ బ్యాంకింగ్‌లో నేను మేకర్, అంటే చెల్లింపు ఎక్కించేవాణ్ని; మా పార్ట్‌నర్ చెకర్, అంటే దాన్ని ఆమోదించేవాడు. పని ఆగకూడదని ఆయన పాస్‌వర్డ్, ఓటీపీ వచ్చే సిమ్ రెండూ నా దగ్గరే పెట్టుకున్నాం. ఆ సిస్టమ్‌లోంచి మా మేనేజర్ డబ్బు పంపేసుకుంటే, బ్యాంకు లాగ్ తీసి చూపించింది. రెండు ఆమోదాలూ సరిగ్గానే ఉన్నాయి, ఇక ఏమని వాదిస్తాం? పోయింది పోయినట్టే. ఇద్దరి అనుమతి పెట్టుకున్నవాళ్లు ఫోన్లు వేరువేరుగా ఉంచుకోండి, దండం పెడతాను.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
ఇంకోటి రమణ గారూ. ఇంతకుముందు ఒక్క సంతకంతో వెళ్లిన ఫారాలు మీకు తెలిసే ఊరుకున్నారా? ఉంటే బ్యాంకు అదే పట్టుకుంటుంది. మాటలతో తిరక్కుండా కాగితం ఇవ్వండి, అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, తిరస్కరించినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

రమణ, విజయవాడ ఆటోనగర్:
పాత ఫారాలన్నీ తిరగేశాను సార్, అన్నిటి మీదా రెండు సంతకాలున్నాయి. డబ్బు వెళ్లింది సప్లయర్‌కి కాదు, ఆ రెండో డైరెక్టర్ బావమరిది ఖాతాకి. ఈరోజు తీర్మానం కాపీ జతచేసి లెటర్ ఇచ్చాను. మేనేజర్ రెండుసార్లు చదివి, ‘రీజినల్ ఆఫీసుకి పంపుతాం’ అని ముద్ర వేసిచ్చారు.