గుడిమల్లానికి యాత్రికుల బస్సులు తిప్పాలా, వద్దా?

రేణిగుంట రోడ్డు:
తిరుమల దర్శనం అయ్యాక ఒక పూట మిగిలినవాళ్ళను ప్యాకేజీ బస్సుల్లో తిరుచానూరు, శ్రీనివాసమంగాపురం, శ్రీకాళహస్తి తిప్పి రైలెక్కిస్తున్నారు. కాళహస్తికి పోయే దారిలో పాపానాయుడుపేట దగ్గర పక్కకు తిరిగితే గుడిమల్లం. క్రీస్తు పూర్వం నాటిదని చాలామంది పండితులు చెప్పే శివలింగం అక్కడుంది. ఆ దారిన పోయే బస్సులో ఎంతమందికి ఆ పేరు తెలుసు? దాన్నీ, చంద్రగిరి కోటనీ ప్యాకేజీలో కలిపితే తప్పేముంది? ఊరికీ నాలుగు డబ్బులొస్తాయి. మీరేమంటారు?

పాత గోడ:
చంద్రగిరికి తిప్పండి, గుడిమల్లానికి వద్దు. రాజమహల్ మూడంతస్తుల కట్టడం, చుట్టూ బోలెడంత ఖాళీ జాగా. కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో అంత ఎత్తు ఎలా లేపారో చూస్తూ ఎంతమందైనా తిరగొచ్చు. (శుక్రవారం మాత్రం తీసుకుపోకండి, మ్యూజియం మూత.)

గుడిమల్లం సంగతి వేరు. గర్భగుడి చిన్నది, ముందున్న మండపం కన్నా పల్లంలో ఉంటుంది. లింగం సుమారు 5 అడుగులు. దాని మీద చెక్కిన శివుడు మనం క్యాలెండర్లలో చూసే శివుడు కాదు. రెండే చేతులు. కుడి చేత్తో ఒక పొట్టేలును వెనక కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీశాడు. ఎడమ చేతిలో చిన్న పాత్ర, భుజం మీద గొడ్డలి. కాళ్ళ కింద గొంతుక్కూర్చున్న పొట్టి యక్షుడు. వేటకు పోయి వచ్చిన మనిషిలా ఉంటాడు దేవుడు. ఇదంతా కనపడాలంటే కళ్ళు ఆ మసక వెలుతురుకు అలవాటు పడాలి, కాసేపు నిలబడాలి. 50 మంది ఒకేసారి దిగి, వెనక నుంచి డ్రైవర్ హారన్ కొడుతుంటే ఎవరికి కనిపిస్తుంది? ఒక దండం పెట్టి బయటపడతారు, అంతే.

పూసల పేట:
అన్నా, మీరు తీరిగ్గా చూసొచ్చారు. ఇక ఎవరూ రావద్దంటే ఎట్లా? మాది పాపానాయుడుపేట. గాజు కరగబెట్టి, సన్నటి గొట్టంలా సాగదీసి, ముక్కలు కొట్టి పూసలు చేయడం మావాళ్ళ పని. బట్టీ ముందు కూర్చుంటే ఆ వేడి ఎలా ఉంటుందో చూస్తే తెలుస్తుంది. మాధవమాలలో చెక్క బొమ్మలు చెక్కేవాళ్ళ కథా ఇంతే. బొమ్మ తిరుపతి షాపులో అమ్ముడుపోతుంది, చెక్కినోడి ఊరు కొన్నవాళ్ళకు తెలియదు. నాలుగు బస్సులు వస్తే మాకు నష్టమా?

పాత గోడ:
తమ్ముడూ, ప్యాకేజీ బస్సు మీ బట్టీ దగ్గర ఆగుతుందని ఎవరు చెప్పారు? వాళ్ళు ఆపేది తమకు లెక్క కుదిరిన హోటల్ దగ్గర.

శాసనం:
ఒక చిన్న మాట. ‘ప్రపంచంలోనే మొట్టమొదటి లింగం’ అని మాత్రం బోర్డులు రాయించకండి. శిల్ప శైలిని బట్టి క్రీ.పూ. 2, 1 శతాబ్దాలన్నవాళ్ళున్నారు, ఇంకా వెనక్కి జరిపినవాళ్ళున్నారు, ముందుకు తెచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ గుళ్ళోనే పల్లవుల, బాణుల, చోళుల శాసనాలున్నాయి. గర్భగుడి మీద గజపృష్ఠం (ఏనుగు వీపు) ఆకారంలో విమానం ఉంది. చెప్పడానికి అది చాలదా?

కార్వేటినగరం:
మీ గొడవలో మా చిత్తూరు వైపు ఎవరికీ గుర్తు రాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లా చీలాక చంద్రగిరి, కాళహస్తి, గుడిమల్లం అన్నీ మీ తిరుపతి జిల్లాకే పోయాయి. 1782 డిసెంబరులో హైదర్ అలీ ప్రాణం విడిచింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో. ఆ మాట కాణిపాకం వచ్చే యాత్రికుల్లో ఎవరినైనా అడిగి చూడండి. మాకు బస్సులు ఎక్కువై ఇబ్బంది పడే అదృష్టం ఇంకా పట్టలేదు.

రేణిగుంట రోడ్డు:
అదే నేను చెప్పేది. జనం రాని చోటును ఎవరూ పట్టించుకోరు. నలుగురు వస్తేనే రోడ్డు, కాపలా, మరమ్మతు అన్నీ వస్తాయి.

పాత గోడ:
కాళహస్తికి జనం తక్కువా? కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కుప్పకూలింది. పగుళ్ళు ముందు నుంచీ కనపడుతూనే ఉన్నాయి. ఆ గోపురం ముందు నుంచి రోజూ ఎన్ని వేలమంది వెళ్ళేవారో లెక్కేసుకోండి.

రేణిగుంట రోడ్డు:
జనం వల్ల కూలిందా సార్?

పాత గోడ:
అలా అనలేదు. జనం ఉంటే మరమ్మతు దానంతటదే జరుగుతుందన్నారు చూడండి, దానికి జవాబు చెప్పాను. 2017లో కొత్తది లేచింది, బాగుంది కూడా. రాయల నాటి గోపురం మాత్రం పోయినట్టే. గుడిమల్లం లింగానికి ఏమన్నా అయితే కొత్తది కట్టే వీలు కూడా లేదు.

నేను అడిగేది ఇది: పొద్దునొకటి, సాయంత్రం ఒకటి మామూలు ఆర్టీసీ సర్వీసు. లోపలికి విడతకు పదిమంది. అక్కడే నిలబడి ఆ పొట్టేలు ఏమిటో, యక్షుడెవరో చెప్పడానికి ఊళ్ళో చదువుకున్న ఒక పిల్లో పిల్లోడో, జీతం ఇచ్చి.

పూసల పేట:
పదిమంది లెక్కకు నేను ఒప్పుకుంటా అన్నా. కానీ అర్జీ రాసేటప్పుడు బస్సు గుడి దాకా అని రాయొద్దు. మా పేటలోనే ఆపమనండి. మిగతా దూరం నడుస్తారో, ఆటో ఎక్కుతారో వాళ్ళిష్టం. పోయేటప్పుడు కాకపోయినా, తిరిగి వచ్చి బస్సు కోసం నిలబడినప్పుడన్నా బట్టీ చూస్తారు.

రేణిగుంట రోడ్డు:
అర్జీ నేను రాస్తా. చంద్రగిరి ప్యాకేజీ మాత్రం అందులో ఉంటుంది, ముందే చెప్తున్నా.