బందరు రోడ్డు బస్ షెల్టర్: పైన రేకు ఒక్కటే చాలా?

గీతలపని: ఇక్కడ అందరూ ‘మినిమలిస్టు’ (అవసరమైనంతే, అదనపు హంగుల్లేనిది) అని మెచ్చుకుంటున్న నమూనా ఇదీ: నాలుగు పైపులు, వాటిమీద 6 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు రేకు, ఎత్తు 2.6 మీటర్లు. గోడల్లేవు. బొమ్మలో ముచ్చటగానే ఉంది. కానీ మే నెల బెజవాడలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు సుమారు 35 డిగ్రీల ఎత్తున ఉంటాడు. రేకు నీడ 3.7 మీటర్లు పక్కకి జరుగుతుంది. అయిదింటికి 21 డిగ్రీలే, నీడ 6.8 మీటర్లు పోతుంది. అంటే బస్సుకోసం నిలబడ్డవాళ్లకి ఎండ, పక్కనున్న కిళ్లీకొట్టుకి నీడ.

పటమట్లంక: వెనక గోడ కట్టేస్తే సరిపోదూ?

గీతలపని: దండగండీ. పోలీస్ కంట్రోల్ రూమ్ నుంచి బెంజి సర్కిల్‌కి రోడ్డు ఆగ్నేయంగా పోతుంది. సాయంత్రపు ఎండ దాదాపు రోడ్డు వెంటే వస్తుంది. మూయాల్సింది పడమటి కొస.

ఫుట్‌బోర్డు: చిక్కంతా అక్కడే. బెంజి సర్కిల్ వైపు వెళ్లే బస్సు కూడా పడమటి నుంచే వస్తుంది. అక్కడ ఇనుప ప్లేటు బిగిస్తే బస్సు బోర్డు కనపడదు. జనం రోడ్డుమీదకొచ్చి తొంగిచూస్తారు, షెల్టర్ ఖాళీగా ఉంటుంది. నా ఓటు ఉత్త రేకుకే. అవతలి వైపు స్టాపులో బస్సు తూర్పు నుంచి వస్తుంది కాబట్టి అక్కడ ప్లేటు పెట్టుకోండి, అభ్యంతరం లేదు.

ఇనుపపట్టీ: ప్లేటు బదులు అడ్డపట్టీలు వేయొచ్చు. ఎండ ఏటవాలుగా దిగుతుంది, చూపు నేలకి సమాంతరంగా పోతుంది. 75 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం పట్టీలని పడుకోబెట్టి, మధ్య 30 మి.మీ. సందు వదిలితే 22 డిగ్రీలు దాటిన ఎండ లోపలికి రాదు. దాదాపు అయిదు దాకా నిశ్చింత. బస్సు మాత్రం కనిపిస్తుంది. పోస్టర్ అంటించడానికి చోటు కూడా ఉండదు (అదే అసలు లాభం!). 1.8 మీటర్ల ఎత్తుకి 55 పట్టీలు, ఒక్కోటి 1.2 మీటర్లు, మొత్తం సుమారు 117 కిలోలు. వెల్డింగంతా అయ్యాకే జింకు తొట్టిలో ముంచాలి. ముంచాక వెల్డ్ చేస్తే పూత కాలిపోయి, అతుకు దగ్గరే తుప్పు మొదలవుతుంది.

ఫుట్‌బోర్డు: కనిపిస్తుందంటే సరే. 110 అతుకులున్నదాన్ని మినిమలిస్టు అని మాత్రం అనకండి.

పునాదిరాయి: పట్టీల గొడవ తర్వాత, ముందు రేకు ఎగిరిపోకుండా చూడండి. కట్టడాలమీద గాలి భారం లెక్కించే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. చదరపు మీటరుకి సుమారు 150 కిలోల ఒత్తిడి. మీ 9 చదరపు మీటర్ల రేకుని 1,350 కిలోల దాకా పైకి లేపగలదు. రేకు బరువు యాభై కిలోలుండదు. పైపుకి 70 సెం.మీ. ఘనం కాంక్రీటు దిమ్మె వేస్తే ఒక్కోటి 800 కిలోలు, నాలుగూ కలిసి నిలబెడతాయి. ఫుట్‌పాత్ కింద కాలువ ఉన్నచోట దానిమీద కప్పిన పలకకే బోల్టులు బిగిస్తుంటారు. పలక పగులుతుంది. కాలువకి అటూ ఇటూ దిమ్మెలు వేసి, మధ్య బీము పోసి, దానిమీద పైపు నిలపాలి. బేస్ ప్లేటు (పైపు అడుగున బోల్టులు బిగించే పలక) టైల్స్ కింద పూడిస్తే నీళ్లు నిలిచి పైపు మొదలునే తుప్పు తినేస్తుంది. 15 సెం.మీ. పైకి ఎత్తండి.

పటమట్లంక: బీము ఎంత లోతులో? కాలువ పూడిక తీసేవాళ్లకి అడ్డం రాదా?

పునాదిరాయి: పలక అడుగుకి తగలకుండా, నీటిమట్టానికి పైనే ఉండాలి. రెండు వైపులా ఎత్తగలిగే పలకలు వదలండి.