‘నెగెటివ్ మనుషుల’ పేర్లు రాసిమ్మంటున్నారు, రాయాలా వద్దా?

పెన్నగట్టు (నెల్లూరు):

నేను ఒక రొయ్యల ప్లాంటులో పీలింగ్ హాలు సూపర్‌వైజర్ని. కంపెనీ పేరు, ఊరు పేరు వద్దు, నెల్లూరు నుంచి సముద్రం వైపు అనుకోండి చాలు. పదకొండేళ్ల కింద నేనూ గమ్‌బూట్లు తొడుక్కుని బల్ల దగ్గర నిలబడి తల గిల్లి, తొక్క ఒలిచి, నరం తీసినదాన్నే. ఇప్పుడు నా కింద ఎనభై నాలుగు మంది, అందరూ ఆడవాళ్లు. ముప్పై మంది దాకా ఒడిశా, అస్సాం పిల్లలు, కంపెనీ హాస్టల్లో ఉంటారు. మిగతావాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కంపెనీ బస్సులో వస్తారు.

ఆ హాల్లో ఎప్పుడూ చలే. ఐసు నీళ్లలో చెయ్యి పెట్టి పెట్టి గంటకల్లా వేళ్లు మొద్దుబారతాయి. పైగా క్లోరిన్ వాసన. అక్కడ మనిషిని నిలబెట్టేది పక్కనామెతో చెప్పుకునే కబుర్లే. సీరియల్ కథలు, కోడలి మీద చాడీలు, చేపల పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలనే పంచాయితీ. ఇప్పుడవేమీ లేవు. గొణుగుడు ఒక్కటే మిగిలింది.

2025 ఆగస్టులో మొదలైంది ఇదంతా. ఆ నెల 7న అమెరికా 25 శాతం అదనపు సుంకం వేసింది, 27న ఇంకో 25. మా సరుకులో ఎక్కువ భాగం అక్కడికే పోయేది. వారానికి ఆరు రోజుల పని నాలుగు రోజులైంది. "ప్లాంటు అమ్మేస్తున్నారంట" అని ఒకరు, "అస్సాం వాళ్లని ఉంచి మనల్ని తీసేస్తారంట" అని ఇంకొకరు. బస్సులో పుట్టిన మాటకి హాల్లోకి వచ్చేసరికి కొమ్ములొచ్చేవి. ఇప్పుడు పని మళ్లీ కాస్త కుదుటపడింది, మనుషులే పడలేదు. రెండో బల్ల వాళ్లు ఐదో బల్ల వాళ్లతో మాట్లాడరు. టబ్బు ఇవ్వబోతే "మాకే దొరికిందా ఈ చిన్న రొయ్య" అని మొహం తిప్పుకుంటారు. పోయిన నెల్లో ఇద్దరు పనిమంతులు మానేశారు.

పైవాళ్లు దీనికి చేసిన వైద్యం చెప్తాను, నవ్వొద్దు. బయటి నుంచి ఒకాయన్ని పిలిపించారు. పాజిటివ్‌గా ఉండటం మీద రెండు గంటలు మాట్లాడాడు. అందరి చేతా బెలూన్లు ఊదించి, మీలో ఉన్న నెగెటివిటీ అంతా ఇందులోకి పోయింది, ఇప్పుడు పగలగొట్టండి అన్నాడు. పగలగొట్టాము. చప్పట్లూ కొట్టాము. మావాళ్లకి కేజీ లెక్కన డబ్బులు, ఎన్ని కేజీలు ఒలిస్తే అంత. కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని కౌంటు అంటాము, సైజు చెప్పేది దాంతోనే. ఆ రెండు గంటలకు పైసా రాలేదు. బయటికొస్తూ మైపాడు అక్క (అందరం ఆమెను ఊరిపేరుతోనే పిలుస్తాము) "బెలూన్ ఎన్నో కౌంటుమే?" అంది. హాలంతా నవ్వింది. ఆ నెలలో అందరూ కలిసి నవ్వింది అప్పుడొక్కసారే.

ఆ నవ్వు మేనేజర్ చెవిన పడింది. ఇప్పుడు నాకొచ్చిన ఆర్డర్ ఏందంటే, హాల్లో నెగెటివ్‌గా మాట్లాడేవాళ్ల పేర్లు 15వ తేదీలోగా రాసివ్వాలి. మొదటి పేరు ఎవరిదో ఆయనకి ముందే తెలుసు. నిజం చెప్పాలంటే మైపాడు అక్క నోరు మంచిది కాదు. పొద్దున ఐసు తక్కువంటుంది, మధ్యాహ్నం గ్లౌజులు చినిగాయంటుంది, సాయంత్రం తూకం తప్పంటుంది. ఆమె మొదలుపెడితే నలుగురు అందుకుంటారు. ఆమె లేకపోతే హాలు బాగుపడుతుందేమోనని నాకే రెండు మూడు సార్లు అనిపించింది. కానీ తెగకుండా నరం తీయడం నాకు నేర్పింది కూడా ఆమే.

రాయాలా? రాయకుండా హాలుని దారికి తెచ్చే మార్గం ఏమన్నా ఉందా?

కావలి సిస్టర్:

అక్కా, నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు ఇన్‌చార్జిని. ఇలాంటి లిస్టు నన్నూ ఒకసారి అడిగారు. రాశాను కూడా, ముగ్గురి పేర్లు. అందులో ఒకమ్మాయిని వేరే వార్డుకి మార్చారు. ఆమె వెళ్లిన పది రోజులకి ఇంకో అమ్మాయి సరిగ్గా అవే మాటలు మొదలుపెట్టింది. అప్పుడు కూర్చుని ఆలోచించాను. మా రెండు వార్డులకీ కలిపి సరిగా పనిచేసే బీపీ మిషన్ ఒకటే. దాని కోసం పక్క వార్డుకి పరిగెత్తడం, అక్కడివాళ్లు ఇవ్వకపోవడం, ఆలస్యమైతే డాక్టర్ పేషెంట్ ముందే తిట్టడం. రోజూ ఇదే తంతు. ఇంకో మిషన్ కొన్నాక సగం గొడవ పోయింది. మిగతా సగం నిజంగా మనుషుల మధ్యే ఉంది, అది ఇప్పటికీ పోలేదు.

మీరు ఒక పని చేయండి. ఓ వారం పాటు ఒక నోట్‌బుక్కు జేబులో పెట్టుకోండి. ఎవరు అన్నారో వద్దు, ఏమన్నారో మాత్రం రాయండి. ఒకే మాట పదిసార్లు వస్తే పదిసార్లూ గీత గీయండి. 15న మేనేజర్‌కి అది ఇవ్వండి.

ఒక్క జాగ్రత్త. గొణుగుడు వేరు, మనిషిని కించపరచడం వేరు. ఆ ఒడిశా, అస్సాం పిల్లల్ని భాష రాదని వెక్కిరించడం, కులం ఎత్తి మాట్లాడటం, మగ మేస్త్రీలు వెకిలి మాటలు అనడం ఉంటే నోట్‌బుక్కులో గీత గీసి ఊరుకోకండి. పదిమంది, అంతకు పైన పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు తీసుకునే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. దానికి పెద్దగా ఉండేది ఆడమనిషే అయి ఉండాలి. మీ గోడ మీద ఆ పేర్లు ఉన్నాయేమో చూడండి.

ఉలవపాడు తీపి:

ఇవన్నీ ఎందుకండీ. కేజీకి రెండు రూపాయలు పెంచమనండి. బెలూన్లు వాళ్లే కొనుక్కుంటారు.

పెన్నగట్టు:

పెంచితే మంచిదే బాబూ, పెంచే కలం నా చేతిలో లేదు. నా చేతిలో ఉండేవి టబ్బులు, బల్లలు, హాజరు పుస్తకం. వాటితో అయ్యేది చెప్పండి.

సిస్టర్, కమిటీ పేర్లు గోడ మీద ఉన్నాయి. అందులో ఒకామె మానేసి ఏడాది దాటింది! అది రేపే అడుగుతా. నోట్‌బుక్కు కూడా కొన్నా.

గెలాక్సీ నలుపు (చీమకుర్తి):

చెల్లెమ్మా, మాది రాయి పని. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయే, ఆ గెలాక్సీ గ్రానైట్. పాలిష్ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా ఇరవై రెండేళ్లు చేశాను. నీ పోస్టు చదివాక నా తప్పు ఒకటి చెప్పాలనిపించింది.

కోత అయిన స్లాబులు క్రేన్ మీద పాలిష్ లైనుకి వస్తాయి. మా దగ్గర ఒకతను ఉండేవాడు. క్రేన్ బెల్టు అంచు పీచు లేచిందని రోజూ సణిగేవాడు. అతని ధోరణి ఎట్టా ఉండేదంటే, బెల్టు గురించి ఒక మాట, ఓనర్ గురించి నాలుగు మాటలు. నాకు ఆ నాలుగే వినబడేవి. కుర్రాళ్లని చెడగొడుతున్నాడని లెక్క తేల్చి పంపేశాను. ఆ తర్వాత షెడ్డు ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నావు! ఏమడిగినా "బాగుందన్నా", "సరేనన్నా". ఓనర్ దగ్గర గొప్పగా చెప్పుకున్నా కూడా.

మూడో వారంలో ఆ బెల్టే తెగింది. స్లాబు పడి రెండు ముక్కలైంది. పక్కనున్న కుర్రాడి కాలి బొటనవేలు పోయింది. ఒక్క అడుగు ఇటు ఉంటే మనిషే పోయేవాడు. తర్వాత ఒక్కొక్కరినీ అడిగితే ఆరుగురు చెప్పారు, బెల్టు సంగతి మాకు తెలుసన్నా అని. మరి చెప్పలేదేంరా అన్నాను. "చెప్పినోడు ఏడున్నాడన్నా?" అన్నాడొకడు.

పంపేసినతన్ని వెతుక్కుంటూ పోయాను. మార్టూరులో ఇంకో ఫ్యాక్టరీలో చేరాడు. తిరిగి రానన్నాడు. టీ మాత్రం తాగించాడు.

మీ మైపాడు ఆమె గ్లౌజులు చినిగాయంటోంది కదా, నిజంగా చినిగాయా లేదా అని ఎప్పుడన్నా చూశావా?

పొగాకు బేలు (టంగుటూరు):

నేను రైతుని, ఫ్యాక్టరీల సంగతి తెలీదు. చిన్న రొయ్య మాకే వచ్చిందనే గొడవ చదివితే మా పొగాకు వేలం కేంద్రం గుర్తొచ్చింది. బేళ్లు వరసలో పెట్టాక ఏ బేలుకి ఎంత పలికిందో అక్కడున్న అందరికీ తెలుస్తుంది. రేటు తక్కువొస్తే తిట్టుకుంటాం, ఒక్కోసారి బేలు ఇంటికి తెచ్చేసుకుంటాం. కానీ పక్కవాడికి చాటుగా ఎక్కువిచ్చారని మాత్రం అనుకోం. అదే శనగలు ఇంటి దగ్గర దళారికి వేశామనుకోండి, పక్క రైతుకి ఎంత కట్టాడో తెలీక వారం నిద్ర పట్టదు. వాడు మంచి రేటే ఇచ్చినా సరే. మీ టబ్బులు ఎవరు పంచుతారు, ఎవరి కళ్ల ముందు?

పెన్నగట్టు (పన్నెండు రోజుల తర్వాత):

అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది.

నోట్‌బుక్కులో ఎనిమిది రోజులకి అరవై మూడు గీతలు. టబ్బుల మీద ఇరవై తొమ్మిది, గ్లౌజుల మీద పదకొండు, ప్లాంటు మూసేస్తారని తొమ్మిది, తూకం మీద ఆరు. మిగతావి పిచ్చాపాటీ, బస్సు డ్రైవర్ పాటల మీద కూడా ఒకటుంది.

చీమకుర్తి అన్నా, గ్లౌజులు చూశాను. స్టోరు నుంచి పది జతలు తెచ్చి నీళ్లు నింపి పట్టుకున్నా. నాలుగు జతలు కారాయి. కొత్త బండిల్. తూకం మాత్రం సరిగ్గానే ఉంది, ఇద్దరు వర్కర్ల ముందు పెట్టి చూపించాను, ఆ మాట ఆగింది.

టబ్బుల కథ వినండి. 40 కౌంటు టబ్బు వస్తే కేజీకి నలభై ఒలిస్తే సరి, 90 కౌంటు వస్తే తొంభై ఒలవాలి. చిన్నదానికి రేటు కాస్త ఎక్కువే, కానీ పని రెట్టింపు పైన పెరిగితే డబ్బు అట్టా పెరగదు. టబ్బులు మోసే కుర్రాడు తలుపు దగ్గరి బల్లతో మొదలుపెడతాడు. గ్రేడింగ్ నుంచి పెద్దది ముందు వస్తుంది, కాబట్టి అది ముందు బల్లలకి పోయి, చిన్నది చివరి బల్లలకి చేరుతుంది. ఇక్కడే ఇంకో మెలిక. హాస్టల్ పిల్లలు బస్సు కంటే ముందు వస్తారు, తలుపు దగ్గర ఒకటో బల్ల, రెండో బల్ల వాళ్లవి. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి మిగిలేవి వెనక బల్లలు. అస్సాం వాళ్లనే ఉంచుకుంటారంట అనే మాట ఎందుకు పుట్టిందో అప్పుడు అర్థమైంది. ఎవరూ కావాలని చేయలేదు. నాలుగేళ్లుగా నేను అదే తలుపు దగ్గర నిలబడుతున్నా, నాకు కనబడలేదు.

ఇప్పుడు ఆరు టోకెన్లు డబ్బాలో వేశాను. ప్రతి లోడుకీ బల్లకొకామె వచ్చి అందరి ముందు తీస్తుంది. ఒకటి వచ్చిన బల్లకి ముందు టబ్బు. మొదటి రోజు టైం వేస్టని తిట్టారు. మూడో రోజు నుంచి టోకెన్ తీసే దగ్గర అరుపులు, ఒకరినొకరు ఏడిపించుకోవడం. అస్సాం పిల్లకి వరసగా మూడుసార్లు ఆరు వస్తే మైపాడు అక్కే "పాపం దీని చెయ్యి మంచిది కాదే" అని జాలిపడింది.

మేనేజర్‌కి 15న కాగితం ఇచ్చాను. చదివి, "పేర్లేవి?" అన్నాడు. ఎనభై నాలుగు మందీ అన్న మాటలే సార్, గ్లౌజుల గీతల్లో నాదీ ఒకటుంది అన్నాను. కాగితం సొరుగులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు. మర్నాడు కొత్త గ్లౌజులు వచ్చాయి. నాతో మాత్రం ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. శనివారం సాయంత్రం వచ్చే వారం ఏ రోజు పని ఉందో బోర్డు మీద రాయించమని అడిగాను, దానికి ఒప్పుకున్నాడు. రాసింది మూడు లైన్లే. బస్సులో దాన్నే ఫోటో తీసి పంపుకుంటున్నారు.

రెండో బల్ల వాళ్లు, ఐదో బల్ల వాళ్లు ఇంకా మాట్లాడుకోవట్లేదు. మానేసిన ఇద్దరిలో ఒకామె వచ్చింది, రెండో ఆమె ఫోన్ ఎత్తదు.

టోకెన్లు అట్టముక్కలతో చేశాను కదా, తడిసి ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి, ఇదంతా మోసం అని మైపాడు అక్క రెండు రోజులు సాధించింది. మూడో రోజు ప్లాస్టిక్ బాటిల్ మూతలు ఆరు కడిగి, మనవడి చేత అంకెలు రాయించి పట్టుకొచ్చింది. అందులో ఐదు మూడులా కనబడుతోందని రెండో బల్ల వాళ్లు నిన్నటి నుంచి గొణుగుతున్నారు. నోట్‌బుక్కులో రాసుకున్నా.